డిసెంబరు 31 లోపు

1981 డిసెంబరు ఆఖరి రోజులు. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన, మొహావీ ఎడారి అంచున టెహాచపి కనుమ. సముద్ర మట్టానికి దాదాపు నాలుగు వేల అడుగుల ఎత్తు. ఎముకలు కొరికే చలి. ఇక గాలి సంగతి చెప్పనక్కర్లేదు. దాన్ని నమ్ముకునే కదా ఇంతమంది ఈ కొండెక్కింది! ఇప్పుడు ఆ గాలే పని సాగనివ్వడం లేదు. క్రేను కొక్కేనికి వేలాడుతున్న రెక్క ఒకచోట నిలవదు. బోల్టు బిగించే మనిషి చేతి తొడుగు తీస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి, తొడుక్కుంటే నట్టు చేతికి దొరకదు. గాలి తగ్గేదాకా ఆగుదామంటే కుదరదు. ఏడాది ముగిసేలోపు ఈ గాలిమరలు నిలబడాలి, తిరగాలి. జనవరి 1న తిరిగితే లాభం లేదు.

పని చేయిస్తున్న కంపెనీ జాండ్. పుట్టి నిండా రెండేళ్ళు కాలేదు. దాని స్థాపకుడు జేమ్స్ డెల్సెన్ అంతకుముందు టెఫ్లాన్ కలిపిన కందెన నూనె అమ్మిన వ్యాపారి. ఆ కంపెనీని అమ్మేసి, వచ్చిన డబ్బుతో గాలి మీద పందెం కాశాడు.

ఆ పందెం వెనక పెద్ద కథే ఉంది. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. 1979లో ఇరాన్ విప్లవం రెండో దెబ్బ కొట్టింది. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు కార్ల బారులు. ఈ రెండు దెబ్బల మధ్య, 1978 నవంబరులో, అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. చిన్నచిన్న ఉత్పత్తిదారులు తయారుచేసిన కరెంటును పెద్ద విద్యుత్ సంస్థలు కొని తీరాలన్నది దాని సారం. అంతవరకు కరెంటు తయారీ, అమ్మకం ఆ సంస్థల గుత్త సొత్తు. గాలితో కరెంటు తీసినా కొనే దిక్కు ఉండేది కాదు. ఆ తలుపు తెరుచుకుంది.

తలుపు తెరిస్తే చాలదు, లోపలికి రమ్మని పిలవాలి. ఆ పిలుపు పన్ను రాయితీ రూపంలో వచ్చింది. గాలిమర మీద పెట్టిన పెట్టుబడిలో 10 శాతం మామూలు రాయితీ, దానిపైన 15 శాతం ఇంధన రాయితీ కేంద్రం ఇచ్చింది. గవర్నర్ జెర్రీ బ్రౌన్ కాలంలో కాలిఫోర్నియా రాష్ట్రం తన వంతుగా ఇంకో 25 శాతం కలిపింది. ఇవి ఆదాయంలోంచి తీసేసే మినహాయింపులు కావు, కట్టాల్సిన పన్నులోంచే నేరుగా కోసేసుకునేవి. యంత్రం ఖరీదును ఐదేళ్ళలో తరుగుదల కింద రాసేసుకునే వీలు అదనం.

అప్పట్లో డాక్టర్లకు, లాయర్లకు ఈ గాలిమరలను అమ్మిన బేరాన్ని మన ఊరి ఆడిటరు నోట వినిపిస్తే ఇలా ఉంటుంది: “డాక్టరు గారూ, ఈ ఏడు మీరు లక్షల్లో పన్ను కట్టాలి కదండీ. కట్టే బదులు లక్ష డాలర్లు పెట్టి ఒక గాలిమర కొనండి. పాతిక వేలు కేంద్రానికి కట్టే పన్నులో తగ్గుతుంది, పాతిక వేలు రాష్ట్రానికి కట్టేదాంట్లో తగ్గుతుంది. సగం సొమ్ము అక్కడికక్కడే చేతికొచ్చినట్టేగా! తిరిగిందనుకోండి, కరెంటు డబ్బులు మీవి. తిరగలేదనుకోండి, పన్ను మిగిలింది మీకే. కాకపోతే డిసెంబరు 31 లోపు బిగించాలండీ.”

ఆ చివరి రెండు వాక్యాల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. గడువులోపు బిగించాక, ఆపైన తిరిగినా తిరగకపోయినా రాయితీ వస్తుంది. తేదీ దాటితే మాత్రం ఆ ఏడు రాదు. అంటే ప్రభుత్వం పంట పండించినందుకు కాకుండా నాగలి కొన్నందుకు డబ్బిచ్చింది. అదీ ఫలానా తారీఖు లోపు కొంటేనే.

డెల్సెన్ ఆ డిసెంబరులో కొండ మీద నిలబెట్టినవి స్టార్మ్ మాస్టర్ అనే అమెరికన్ యంత్రాలు. పేరుకు తుఫాను యజమానులు. తేలిక ఒళ్ళు, వేగంగా తిరిగే సన్నని రెక్కలు. గడువులోపు బిగించారు, పన్ను లెక్క కుదిరింది. ఆ తర్వాత టెహాచపి గాలి తన లెక్క తాను చూసుకుంది. ఎక్కువ కాలం గడవకముందే ఆ యంత్రాలు విరిగి పనికిరాకుండా పోయాయి.

ఇక్కడే డెల్సెన్ మిగతావాళ్ళకంటే భిన్నంగా నడిచాడని ఒప్పుకోవాలి. రాయితీ చేతికొచ్చాక చేతులు దులుపుకున్నవాళ్ళు అప్పట్లో చాలామందే ఉన్నారు. ఆయన మాత్రం తిరిగే యంత్రం ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటూ డెన్మార్క్ వెళ్ళాడు. జట్లాండ్ పడమటి కొసన లెమ్ అనే చిన్న ఊరు. అక్కడ 1898లో హెచ్.ఎస్. హాన్సెన్ అనే కమ్మరి కొలిమి పెట్టాడు. ఆ కుటుంబం నుంచి 1945లో వచ్చిన కంపెనీ వెస్టాస్. పాల శీతలీకరణ పరికరాలు, లారీల మీద బిగించే హైడ్రాలిక్ క్రేన్లు దాని సరుకు. గాలిమరల్లోకి దిగింది 1979లో. అదీ సొంత తెలివితో కాదు. కార్ల్ ఎరిక్ యార్గెన్సెన్ అనే కమ్మరీ, హెన్రిక్ స్టీస్డాల్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడూ కలిసి తయారుచేసిన నమూనాకు లైసెన్సు తీసుకుంది.

ఆ నమూనా చూడ్డానికి మోటు. మూడు రెక్కలు, బరువైన ఒళ్ళు, నిదానమైన తిరుగుడు. దాని వంశం చూస్తే 1957లో గెడ్సర్ ఊళ్ళో యోహన్నెస్ యూల్ అనే ఇంజనీరు నిలబెట్టిన 200 కిలోవాట్ల యంత్రం కనిపిస్తుంది. పెద్దగా మరమ్మతులు లేకుండా అది పదేళ్ళు తిరిగింది. యూల్ చేసిన ఏర్పాట్లలో ఒకటి తప్పక చెప్పుకోవాలి. రెక్క కొసభాగం విడిగా తిరగగలదు. యంత్రం మరీ వేగం పుంజుకుంటే ఆ కొసలు వాటంతట అవే అడ్డం తిరిగి గాలికి ఎదురు నిలుస్తాయి, వేగం తగ్గిపోతుంది. కరెంటు పోయినా, మనిషి లేకపోయినా బ్రేకు పడుతుంది. వెస్టాస్ గాలిమరల్లోకి దిగిన కాలంలోనే అమెరికా ప్రభుత్వం నాసా ఆధ్వర్యంలో విమానాల కంపెనీలకు డబ్బిచ్చి రెండేసి మెగావాట్లు దాటిన భారీ గాలిమరలు కట్టించింది. వాటిలో ఒక్కటీ మార్కెట్లో నిలదొక్కుకోలేదు. కమ్మరి కొలిమి నుంచి వచ్చింది గెలిచింది.

డెన్మార్క్‌లోనూ రాయితీ ఉంది. 1979లో మొదలుపెట్టినప్పుడు యంత్రం ఖరీదులో 30 శాతం. అదీ నాగలికిచ్చిన డబ్బే కదా అనొచ్చు. అయితే రెండు మెలికలు పెట్టారు. రిసో పరిశోధన కేంద్రం పరీక్షించి ఆమోదించిన యంత్రానికే రాయితీ. ఆ శాతాన్ని కూడా ఏళ్ళ తరబడి మెట్టు మెట్టుగా దించుకుంటూ వచ్చి 1989లో ఆపేశారు. పైగా కొనుక్కున్నవాళ్ళు ఎక్కడో ఉన్న డాక్టర్లు కారు. ఊళ్ళో పది ఇళ్ళవాళ్ళు కలిసి సహకార సంఘంగా ఏర్పడి కొనేవారు. అది ఆగిపోతే పొద్దున్నే కిటికీలోంచి కనిపిస్తుంది. ఫోను నేరుగా కంపెనీకి వెళుతుంది. వెస్టాస్ లాంటి కంపెనీలు మంచి యంత్రం చేయడం నేర్చుకున్నది ఆ ఫోన్ల వల్లే.

డెల్సెన్ మొదట రెండే కొన్నాడు. అవి తిరిగాయి. మరుసటి ఏడు వందకు పైగా, ఆపైన వందల్లో ఆర్డర్లు. రెండు వందల మంది ఉన్న లెమ్ కర్మాగారంలో సిబ్బంది ఎనిమిది వందలు దాటారు. కాలిఫోర్నియాలో టెహాచపి, ఆల్టమాంట్, సాన్ గొర్గోనియో కనుమలు మూడూ గాలిమరలతో నిండిపోయాయి. 1983 నుంచి పదేళ్ళపాటు స్థిర ధరకు కరెంటు కొనే ఒప్పందాలు కూడా వచ్చాయి. చమురు ధర ఇంకా పెరుగుతూనే ఉంటుందన్న అంచనా మీద కట్టిన ధరలవి. 1985 నాటికి ప్రపంచంలోని పవన విద్యుత్ సామర్థ్యంలో సింహభాగం ఈ ఒక్క రాష్ట్రంలోనే ఉంది. కొత్తగా బిగిస్తున్నవాటిలో సగానికి మించి డెన్మార్క్‌వే.

దాంతోపాటు తిరగని గాలిమరలూ పెరిగాయి. హైవే మీద పోయేవాళ్ళకు రెక్కలు విరిగినవీ, రెక్కలే లేనివీ వరసగా కనిపించేవి. ఇవి గాలి పొలాలు కావు, పన్ను పొలాలని కాంగ్రెస్ సభ్యుడు పీట్ స్టార్క్ లాంటివాళ్ళు దెప్పిపొడిచారు. చివరికి వాషింగ్టన్‌లో నిర్ణయం ఖాయమైంది. 1985 డిసెంబరు 31తో కేంద్రం ఇచ్చే ఇంధన రాయితీ సరి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. జాండ్ వెస్టాస్‌కు వెయ్యికి పైగా యంత్రాల ఆర్డరు పెట్టింది. డిసెంబరు మొదట్లో అన్నీ కాలిఫోర్నియా చేరాలన్నది షరతు. లెమ్‌లో రాత్రింబవళ్ళు వెల్డింగు వెలుగులే. ఆర్డరులో మొదటి భాగం వేళకు చేరింది. మిగతా సరుకు ఓడలకెక్కింది.

అప్పుడు ఎవరూ ఊహించనిది జరిగింది. సరుకు చేరవేయాల్సిన ఓడల కంపెనీ దివాలా తీసింది.

డిసెంబరులో ఒక్కో రోజు గడుస్తుంటే లెమ్‌లో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. యంత్రంలో లోపం లేదు. గాలి ఆగిపోలేదు. కొనేవాడు కాదనలేదు. గాలిమరలు మాత్రం నడిదారిలో చిక్కుపడ్డాయి. అవి చేరేసరికి గడువు దాటిపోయింది. డిసెంబరులో కేంద్రం ఇంధన రాయితీతో పడే యంత్రానికి జనవరిలో ఆ రాయితీ లేదు. రాయితీ లేకపోతే జాండ్‌కు మదుపుదారులు లేరు, మదుపుదారులు లేకపోతే డబ్బు లేదు. మిగతా సరుకు తీసుకోలేమంది. తీసుకున్నదానికీ డబ్బు చెల్లించలేకపోయింది. పులి మీద పుట్రలా 1986లో చమురు ధర కుప్పకూలింది.

1986 అక్టోబరులో వెస్టాస్ చెల్లింపులు ఆపేసింది. గోడౌన్లలో ఎవరికీ అక్కర్లేని గాలిమరలు గుట్టలుగా పడి ఉన్నాయి. మిగతా వ్యాపారాలను అమ్మేసి, 1987లో గాలిమరలకే పరిమితమైన కొత్త వెస్టాస్‌ను నిలబెట్టారు. పగ్గాలు యోహన్నెస్ పౌల్సెన్ చేతికొచ్చాయి. సిబ్బంది అరవై మంది దాకా మిగిలారు. ఆ కష్టకాలంలో ఆ కంపెనీకి ఆసరా అయిన దేశాల్లో మనదీ ఒకటి. డెన్మార్క్ అభివృద్ధి సంస్థ డానిడా సాయంతో గుజరాత్‌లోని లాంబాలో, తమిళనాడులో ప్రభుత్వ గాలిమరల కేంద్రాలు వచ్చాయి. మన దేశంలో వెస్టాస్ ఉమ్మడి కంపెనీ మొదలైంది. జాండ్ కథ మరో మలుపు తిరిగింది. 1997లో దాన్ని ఎన్రాన్ కొనుక్కుంది. అవును, మహారాష్ట్ర దభోల్ వ్యవహారంతో మనకు తెలిసిన ఎన్రానే. 2001 చివర్లో ఎన్రాన్ కూలిపోయాక 2002లో గాలి విభాగం జనరల్ ఎలక్ట్రిక్ చేతికి వెళ్ళింది.

కాలిఫోర్నియా అనుభవం నుంచి అమెరికా ఒక పాఠం నేర్చుకుంది. 1992 చట్టంలో రాయితీని యంత్రం నుంచి కరెంటుకు మార్చింది. యూనిట్‌కు ఒకటిన్నర సెంట్లు, పదేళ్ళపాటు. తిరిగితేనే డబ్బు. రెండో పాఠం మాత్రం నేర్వలేదు. ఈ రాయితీకి కూడా గడువు పెట్టింది, గడువు ముగిశాక మళ్ళీ పొడిగించింది, మళ్ళీ ముగిసింది. 2012 చివర్లో రాయితీ పోతుందన్న భయంతో ఆ ఏడు 13,000 మెగావాట్లు బిగించారు. 2013లో వెయ్యి పైచిలుకు. తొంభై శాతానికి పైగా పతనం. మధ్యలో కార్మికులను తీసేయడం, మళ్ళీ వెతుక్కోవడం. 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం, 2026 జూలై 4 లోపు పని మొదలుపెట్టని గాలి ప్రాజెక్టులు 2027 డిసెంబరు 31 లోపు వాడకంలోకి రాకపోతే రాయితీ లేదు. మళ్ళీ అదే పరుగు.

ఇక మన గుట్టల మీదికి వద్దాం. బంగారు గనుల రామగిరి అప్పట్లో అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. 1990ల మధ్యలో అక్కడి కొండల మీద గాలిమరలు లేచాయి. వాటి వెనక ఉన్న లెక్క కాలిఫోర్నియా లెక్కకు తోబుట్టువు. అప్పట్లో గాలిమర ఖరీదు మొత్తాన్ని మొదటి ఏడాదే 100 శాతం తరుగుదలగా చూపుకోవచ్చు. కంపెనీల పన్ను 40 శాతం, దానిపై 15 శాతం సర్‌ఛార్జి, వెరసి 46. అంటే కోటి రూపాయల గాలిమర కొన్న లాభాల కంపెనీకి మొదటి ఏడాదే 46 లక్షల పన్ను మిగులు. ఇక్కడ గడువు డిసెంబరు బదులు మార్చి 31. సెప్టెంబరు 30 లోపు బిగిస్తే పూర్తి తరుగుదల, ఆ తర్వాతైతే సగమే. దాంతో గాలిమరల వ్యాపారానికి ఏడాదిలో రెండు పండగలు. బట్టల మిల్లులూ సిమెంటు కంపెనీలూ గాలిమరల యజమానులయ్యాయి. వాటిలో చాలా కంపెనీలకు తమ యంత్రం ఎన్ని యూనిట్లు ఇచ్చిందో చూసే అవసరం పెద్దగా లేదు. 1996 బడ్జెట్లో కనీస ప్రత్యామ్నాయ పన్ను రాగానే ఆ ఉత్సాహం చప్పున చల్లారింది.

2009 డిసెంబరులో కేంద్రం యూనిట్‌కు 50 పైసల ప్రోత్సాహకం తెచ్చింది. తరుగుదల కావాలా, యూనిట్ డబ్బులు కావాలా, ఒకటే ఎంచుకోమంది. నాకైతే మన పవన విద్యుత్ విధానంలో ఇంతకంటే తెలివైన నిర్ణయం కనిపించదు. పన్ను కట్టేంత లాభాలు లేని కొత్త కంపెనీలు, కరెంటు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాళ్ళు, అప్పుడే ఈ రంగంలోకి ధైర్యంగా దిగారు. 2012 మార్చితో ఆ ప్రోత్సాహకం ఆగింది, తరుగుదల సదుపాయం కూడా దాదాపు అప్పుడే తగ్గింది. అంతకుముందు ఏడాది 3,200 మెగావాట్ల దాకా పెరిగిన కొత్త సామర్థ్యం 1,700 దగ్గరికి పడింది. తర్వాత రెండింటినీ తిరిగి తెచ్చారు.

ఆంధ్రప్రదేశ్‌కు అసలు పరుగు 2016–17లో వచ్చింది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి పవన విద్యుత్‌కు నిర్ణయించిన ధర యూనిట్‌కు 4 రూపాయల 84 పైసలు. 2017 మార్చి 31 దాటితే ఆ ధర ఉండదు, కేంద్రం 50 పైసలూ ఉండవు. ఆ ఏడాది దేశమంతటా కలిపి దాదాపు 5,500 మెగావాట్లు వస్తే అందులో సుమారు 2,190 మన రాష్ట్రానివే. అనంతపురం, కర్నూలు జిల్లాల మట్టి రోడ్ల మీద లారీకి మించిన పొడవున్న రెక్కలు మలుపు తిరగలేక ట్రాఫిక్ ఆపేసిన రోజులవి. మరుసటి ఏడు దేశం మొత్తంలో 1,800 మెగావాట్లు కూడా దాటలేదు.

ఆ హడావుడిలో ఒక వార్తను ఎక్కువమంది పట్టించుకోలేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం జరిపిన మొదటి గాలి విద్యుత్ వేలంలో ధర 3 రూపాయల 46 పైసలు పలికింది. అదే డిసెంబరులో గుజరాత్ వేలంలో 2 రూపాయల 43 పైసలకు దిగింది. 2019లో రాష్ట్రంలో ప్రభుత్వం మారాక ఆ 2.43 బయటికొచ్చింది. పాత ఒప్పందాలను సమీక్షించడానికి జూలైలో కమిటీ వేశారు, ధర తగ్గించుకోమని కంపెనీలకు చెప్పారు. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. తాత్కాలికంగా 2.43 చొప్పున చెల్లించమన్న సింగిల్ జడ్జి ఉత్తర్వు తర్వాత, 2022 మార్చిలో ధర్మాసనం ఒప్పందంలోని ధరే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పిచ్చింది.

ఆ కరెంటు కొనే పంపిణీ సంస్థల (డిస్కంల) బాధలో నిజం లేదనను. ఎక్కువ ధర పాతికేళ్ళపాటు కట్టేది చివరికి మనమే. కానీ ఒప్పందం మీద సంతకం పెట్టాక మాట మార్చితే తర్వాత వచ్చేవాడు ఆ భయాన్ని కూడా ధరలో కలుపుకునే వస్తాడు. తప్పు ఒప్పందంలో కంటే అంతకుముందే జరిగింది. మార్కెట్లో ధర పడిపోతోందని తెలుస్తున్నా, ఒకే ధర ప్రకటించి, ఒకే తారీఖు పెట్టి, రాష్ట్రంలోకి వచ్చినవాళ్ళందరినీ ఆ తారీఖు లోపు పరిగెత్తించారు. ధరను ఆరు నెలలకోసారి కొంచెం కొంచెం దించి ఉంటే పరుగూ ఉండేది కాదు, కోర్టు మెట్లూ ఎక్కాల్సి వచ్చేది కాదు.

అలా మెట్లుగా దించడం మన దేశంలో కుదరని పనేమీ కాదు. గాలి, సౌర విద్యుత్‌ను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపేటప్పుడు లైన్ల ఛార్జీల నుంచి కేంద్రం ఇచ్చిన పూర్తి మినహాయింపు 2025 జూన్ 30 లోపు పూర్తయిన ప్రాజెక్టులకే వర్తిస్తుంది. ఆ తర్వాత వచ్చేవాటికి ఏటా 25 శాతం చొప్పున మినహాయింపు తగ్గుతూ 2028 జూలై నాటికి పూర్తి ఛార్జీలు పడతాయి. డెన్మార్క్ 1979కీ 1989కీ మధ్య చేసింది ఇదే. రాష్ట్ర ప్రభుత్వాలు తాము ఇచ్చే రాయితీలకు కూడా ఈ పద్ధతే పెట్టాలి, బిగించిన మెగావాట్లకు బదులు అందిన యూనిట్లకే డబ్బివ్వాలి.